తీసేసిన పదకొండు వరుసలు

పోయిన వారం లైసెన్సమ్మని మీటింగు గది తలుపు దగ్గర వదిలేశాం. చేతిలో రెండు ఫైళ్ళు, ఒక పెన్ను, ముందుకు పడని కాళ్ళు. పాపం వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఇక లోపలికి పంపిద్దాం.

లోపల ముగ్గురున్నారు. ఒకరు ఆనకట్టల గేట్లకి మోటార్లు తయారుచేసే కంపెనీ పంపిన వకీలమ్మ. ఇంకొకరు పెద్దాయన. యూనివర్సిటీ లాబులో ‘నీటిలెక్క’ అనే ప్రోగ్రాముకి పునాది వేసిన మనిషి, రిటైరైనా ఆ లాబు తాళంచెవి జేబులోంచి తీయనివాడు. ఆయన పక్క కుర్చీలో నిదానం అని పిలిచే మనిషి. ఆ పేరు పెట్టింది కూడా పెద్దాయనే. ఏడేళ్ళ కిందట ఈ నిదానమే లైసెన్సమ్మ అడిగిన ఒక ప్రశ్నకి జవాబివ్వకుండా ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె అతన్ని మళ్ళీ చూడలేదు.

కొండల్లో ఎంత వాన పడింది, ఆ నీళ్ళు ఎన్ని గంటల్లో ఆనకట్ట చేరతాయి, ఏ గేటు ఎంత ఎత్తాలి, ఇవన్నీ ముందే లెక్కగట్టి చెప్పేది నీటిలెక్క. చదువుకోడానికి కావాలంటే ఎవరికైనా ఊరికే ఇస్తారు. తమ సరుకుతో కలిపి అమ్ముకుంటామంటే మాత్రం లైసెన్సుల ఆఫీసు గడప తొక్కాలి, షరతులకి తలవంచాలి. ప్రతి ఫైలు నెత్తినా ఉన్న హక్కుల ప్రకటన చెరపకూడదు. రాసినవాళ్ళ పేర్లు ప్రకటనల్లో వాడుకోకూడదు. అన్నిటికంటే గట్టిది నాలుగో షరతు: ఒక్క వరుస మార్చినా సరే, రాసినవాళ్ళందరూ కాగితం మీద ఒప్పుకుంటే తప్ప అదే పేరుతో ఎవరికీ ఇవ్వకూడదు. ఆ గడపకి ఇవతల కూర్చునేది మన లైసెన్సమ్మ. ఒక్క సంతకం తక్కువైతే ఎంతటివాళ్ళనైనా వచ్చిన దారి పట్టిస్తుందని పేరు. ఆ పేరంటే ఆమెకి లోలోపల ఇష్టమే.

కంపెనీకి లైసెన్సు ఇచ్చే ముందు ఒక తేడా తేలాలని, రాసినవాళ్ళు ముగ్గురూ ఒకచోట కూర్చోవాలని వకీలమ్మ పట్టుబట్టింది. ముగ్గురంటే పెద్దాయన, నిదానం, లైసెన్సమ్మ. అందుకే ఈ మీటింగు. అందుకే పొద్దున్న అద్దం ముందు అరగంట నిలబడ్డ చెల్లెల్ని చూసి అక్క, “సంతకం పెట్టించుకోడానికేనే ఇన్నిసార్లు దువ్వుకోవడం?” అని అడిగింది. ఆఫీసు పని అని చెప్తే, “ఔనౌను, ఏడేళ్ళుగా బూజు దులపని ఆఫీసు పని,” అని లోపలికి వెళ్ళిపోయింది.

తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి నిదానం లేచి నిలబడ్డాడు. లేవడం కూడా ఎప్పటిలాగే. ముందు కుర్చీ వెనక్కి జరిపాడు, చేతులు బల్ల మీద ఆనించాడు, ఆ తర్వాత లేచాడు. కణతల దగ్గర జుట్టు నెరిసింది. చొక్కా చేతికి బొత్తాం ఊడి దారం వేలాడుతోంది. ఆ దారం తెంపేయాలని ఆమె వేళ్ళు లాగాయి. ఏడేళ్ళు ఎంత కోపం దాచుకుంది! ఎదురుపడితే ఏమేం అనాలో బస్సుల్లో, స్నానాల గదిలో ఎన్నిసార్లు వల్లెవేసుకుంది! తీరా చూస్తే బొత్తాం సంగతి తప్ప ఇంకేమీ తోచలేదు.

“బాగున్నారా?” అన్నాడు.

లాబులో గడిపిన నాలుగేళ్ళలో అతను ఆమెని ఒక్కసారి కూడా ‘మీరు’ అనలేదు.

“బాగున్నాను. మీరు?”

“ఆ.”

“ఏవిటయ్యా ఇది, ఇప్పుడే పరిచయమైనట్టు,” అన్నాడు పెద్దాయన. “నాలుగేళ్ళు ఒకే కీబోర్డులో బిస్కెట్ల పొడి రాల్చారు ఇద్దరూ. దులపలేక చచ్చాను. కూర్చోండి, కూర్చోండి.”

కూర్చున్నారు. వకీలమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

“నాకు ప్రోగ్రాములు తెలియవు,” అంది. “రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి తేడా కనిపెట్టడం మాత్రం నా పొట్టకూడు. మా కంపెనీ ఏడేళ్ళ కిందట ఒక రేకుల షెడ్డు. కాలిపోయిన మోటార్లకి మళ్ళీ తీగ చుట్టేవాళ్ళు. మా యజమాని ముసలాయన అప్పుడే చదువుకోడానికని మీ దగ్గర ఒక కాపీ అడిగి తెప్పించుకున్నాడు. ఇదిగో ఆ డిస్కు. మీ లాబు ముద్ర, తేదీ, శుక్రవారం మధ్యాహ్నం అని చేత్తో రాసి కూడా ఉంది. మొన్న లైసెన్సు కోసం మీరు పంపిన కాపీ ఇదిగో. రెండిటికీ ఒకటే పేరు, ఒకటే నంబరు.”

“ఒకటే కాపీ కాబట్టి ఒకటే నంబరు,” అన్నాడు పెద్దాయన, మీసం మీద చెయ్యి వేసి. “ఆ డిస్కు ఎక్కించింది నేనే. మా లాబులో ఎప్పుడూ ఒకటే కాపీ. రెండున్నాయంటే అందులో ఒకటి అబద్ధమన్న మాట.”

“అయితే ఏది అబద్ధమో మీరే చెప్పాలి సార్. పదకొండు వరుసలు తేడా ఉంది.”

లైసెన్సమ్మ చటుక్కున తలెత్తింది. అయితే దొరికిపోయినందుకు కాదు. దొరుకుతానని ఆమెకి నెల నుంచీ తెలుసు. పదకొండేమిటి? ఆమె లెక్క ప్రకారం నాలుగే ఉండాలి.

ఆ నాలుగు వరుసల సంగతి మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్దాం.

అప్పట్లో లాబులో పనికొచ్చే మిషను ఒక్కటే. నిదానం మధ్యాహ్నాలు లైబ్రరీ కౌంటర్లో కూర్చునేవాడు, అందుకని లాబుకి పొద్దునపూట వచ్చేవాడు. ఆమె పొద్దున అక్క జిరాక్సు షాపులో ఉండి, మధ్యాహ్నం వచ్చేది. ఒంటిగంటకి ఒకరు కుర్చీలోంచి లేస్తే ఒకరు కూర్చోవాలి. రోజు మొత్తానికి పది నిమిషాలు కనిపించుకుంటే గొప్ప. అందుకని చెప్పుకోవాల్సినవి ప్రోగ్రాములోనే రాసుకోవడం మొదలుపెట్టారు. వరుసకి ముందు రెండు ఏటవాలు గీతలు గీస్తే మిషను ఆ వరుసని దాటేసి వెళ్ళిపోతుంది. అది మనుషులు మనుషుల కోసం రాసుకునే వరుస.

‘ఈ గుణకం ఎక్కడిది?’ అని ఆమె రాసింది మొదట. మర్నాటికి జవాబుంది: ‘ఏట్లో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి కొలిచాను. నమ్మకం లేకపోతే వచ్చి నిలబడు.’ దాని కింద ఆమె, ‘జలుబు చేస్తుంది.’ దాని కింద అతను, ‘చేసింది.’ అలా సాగింది. నీళ్ళ వేగం లెక్కల కింద ఒక చోట ‘నువ్వు లేచాక కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంటుంది’ అని ఒక వరుస ఉంటుంది. ఎవరు రాశారో పేరుండదు. ప్రోగ్రాము తీసుకున్న ప్రతివాళ్ళ దగ్గరా ఆ వరుస ఇప్పటికీ ఉంది. చదివినవాళ్ళు ఏమనుకున్నారో గానీ, ఎవరూ అడగలేదు.

ఒక గురువారం, నిదానానికి దూరాన ఏదో జలాశయం దగ్గర కొలతల కేంద్రంలో ఉద్యోగమొచ్చిందని పెద్దాయన నోటివెంట విని, ఆమె ఆ మధ్యాహ్నం నాలుగు వరుసలు రాసింది. జవాబు రాలేదు. సోమవారం అతను వెళ్ళిపోయాడు. ఇంకో పది రోజులు ఎదురుచూసి, ఒక సాయంత్రం తన నాలుగు వరుసలనీ తన చేత్తోనే తీసేసింది. ఎవర్నీ అడగలేదు, ఎవరి సంతకమూ తీసుకోలేదు. నాలుగో షరతు పేరు చెప్పి ఊరందరినీ వెనక్కి తిప్పిపంపే మనిషి చేసిన పని ఇది.

వకీలమ్మ ఒక కాగితం ఆమె ముందుకి జరిపింది. ఇంకో కాగితం నిదానం ముందు పెట్టింది. అతను దాన్ని చూడలేదు. అతనికి చూడాల్సిన అవసరం లేదు.

మొదటి నాలుగు వరుసలూ ఆమెవే.

// సోమవారం వెళ్ళిపోతున్నావని పెద్దాయన చెప్పారు. నువ్వు చెప్పలేదు.
// ఈ ఫైల్లో మిగిలిన పని నేను చేసుకుంటాను, నేనడిగేది దాని గురించి కాదు.
// నన్ను రమ్మంటావా? ఉండమంటావా?
// ఏదో ఒకటి ఇక్కడే రాయి. నిదానంగా కాదు.

ఆ కింద ఇంకో ఏడు ఉన్నాయి.

// ఉండమనడానికి నేనెవర్ని? రమ్మనడానికి వారం నుంచి ధైర్యం కూడగట్టుకుంటున్నాను.
// రా.
// సోమవారం పొద్దున ఏడింటి బస్సు. నీకూ టికెట్టు తీసుకున్నాను.
// అడక్కుండా తీసుకున్నానని తిట్టాలనుకుంటే బస్సెక్కి తిట్టు. పన్నెండు గంటల ప్రయాణం.
// అక్కడిచ్చే ఇల్లు చిన్నదే. వంటగది కిటికీలోంచి జలాశయం కనిపిస్తుందట.
// మీ అక్కతో నేను మాట్లాడతాను. భయంగానే ఉంది, అయినా మాట్లాడతాను.
// రావడం ఇష్టం లేకపోతే ఏమీ రాయకు. ఈ ఏడు వరుసలూ తీసేయి, నాకు అర్థమవుతుంది.

ఆమె అతని రెండో వరుస దగ్గరే ఆగిపోయింది. ఒక్క అక్షరం ఉన్న వరుస. ఈ ఒక్క అక్షరం కోసం ఏడేళ్ళు తనని తాను ఎన్ని మాటలనుకుంది! తొందరపడ్డానని, పైన పడి అడిగానని, సిగ్గులేకపోయిందని. అది ఏడేళ్ళుగా ఎక్కడో రేకుల షెడ్డులో, మోటారు తీగల మధ్యన, డిస్కులో పడి ఉంది. మిగిలినవి చదవడానికి చాలాసేపు పట్టింది. కిటికీ అన్న మాట దగ్గర కళ్ళు మసకబారాయి. ఎప్పుడూ చూడని ఆ కిటికీ మీద ఆమెకి బెంగ పుట్టుకొచ్చింది. అక్కడ కాగాల్సిన పాలు, తోమాల్సిన గిన్నెలు, పోట్లాడుకోవాల్సిన ఆదివారాలు, అన్నీ తనవే, అన్నీ పోయాయి.

“మా ఇంజనీర్లు ఇదేదో ఆటగా రాసుకున్నది అనుకున్నారు,” అంది వకీలమ్మ కాస్త మెత్తగా. “నాకలా అనిపించలేదు. అయినా నా పని నేనడగాలి. రెండు కాపీల్లో తేడా ఉందంటే ఎవరో మార్చారు. మీ షరతు ప్రకారమే, మార్చాలంటే రాసిన మనిషి ఒప్పుకోవాలి. ఈ పదకొండు వరుసలూ ఎవరు తీశారు? రాసినవాళ్ళు ఒప్పుకునే తీశారా? ఇది తేలకుండా గేట్లు నడిపే మా పెట్టెల్లో పెట్టి అమ్మితే రేపు ఎవరైనా కోర్టుకెక్కొచ్చు. కంచే చేను మేసిందని మమ్మల్ని కూడా అంటారు.”

లైసెన్సమ్మ నోరు తెరిచేలోపు నిదానం మాట్లాడాడు. అతను ఎవరికంటేనైనా ముందు మాట్లాడటం పెద్దాయన కూడా అదే మొదటిసారి చూడటం.

“నా ఒప్పుదలతోనే తీశారు,” అన్నాడు. “నా ఏడో వరుస చూడండి. తీసేయమని నేనే రాశాను. ఆవిడ నేను చెప్పినట్టే చేశారు. తప్పేం లేదు. అలాగే రాసుకోండి.”

వకీలమ్మ రాసుకోబోయింది.

“ఆగండి,” అంది లైసెన్సమ్మ. అతని వైపు తిరిగింది. “మీరు చూశారా? తీసేసినట్టు?”

“శనివారం పొద్దున. తాళంచెవి ఇవ్వడానికి వచ్చి ఒకసారి తెరిచాను. మీ నాలుగూ ఉన్నాయి. నా ఏడూ లేవు. బాధేం లేదు. అడిగిన పద్ధతి మీకు నచ్చలేదేమో అనుకున్నాను. టికెట్టు సంగతి రాయకుండా ఉండాల్సింది.”

“నేను వాటిని చూడనే లేదు.”

వకీలమ్మ పెన్ను పక్కన పెట్టింది.

“చూడకుండా ఎలా తీశారు మేడం?” అంది వకీలమ్మ. అడగాల్సిన ప్రశ్నే.

ఇప్పుడు లైసెన్సమ్మ చెప్పాల్సింది చిన్నదే. కానీ ఏ కంపెనీ మనిషైనా తన ముందు ఇలాంటిది చెప్పి ఉంటే, నిలబెట్టి నాలుగు చీవాట్లు పెట్టి ఉండేది.

“నేను ఇంట్లో ఇంకో కాపీ పెట్టుకున్నాను,” అంది. “గురువారం లాబులో రాసి, దాని కాపీ ఒకటి ఇంటికి పట్టుకెళ్ళి, ఆ రాత్రి కాస్త పనిచేసి, శుక్రవారం మధ్యాహ్నం తెచ్చి ఎక్కించాను, సార్ ఆ డిస్కు తీసుకున్న తర్వాతే అయ్యుంటుంది. ఒకే ఫైలు ఇద్దరం ముట్టుకుంటే ఎక్కించేటప్పుడు మిషను అడుగుతుంది, అతనిది ఉంచాలా, నీది ఉంచాలా అని. ఈయన పొద్దున్నపూట ఏం చేసేవాడంటే, సమానం గుర్తులన్నీ ఒక తిన్నటి గీతలో వచ్చేట్టు ఖాళీలు సర్దేవాడు. ఎప్పుడూ అంతే. అందుకని ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా చూసేదాన్ని కాదు. నాది అని నొక్కేసేదాన్ని. ఆ శుక్రవారం కూడా...” ఊపిరి తీసుకుంది. “ముందు నాది అని నొక్కాను. ఆ తర్వాత జవాబు కోసం వెతికాను. ఫైలు పైనుంచి కిందికి మూడుసార్లు వెతికాను.”

“ఇంటికి కాపీ పట్టుకెళ్ళావా?” అన్నాడు పెద్దాయన.

“అవును సార్.”

“నా లాబులోంచి? రెండో కాపీ?” ఆయన ముఖం చూస్తే పాపం ఎవరో ఆయన వాచీ కొట్టేసినట్టుంది. “అమ్మాయ్, నేను చిలక్కి చెప్పినట్టు చెప్పానే!”

“సార్, దానికి తర్వాత చీవాట్లు పెడుదురుగాని,” అంది వకీలమ్మ.

“తర్వాతేమిటమ్మా? అందుకే కదా చెప్పింది! ఒకటే కాపీ ఉంటే ఈ పాటికి వీళ్ళకి...” అని ఇద్దరి ముఖాలూ చూసి, మాట మింగేశాడు. జేబులోంచి రుమాలు తీసి, అవసరం లేకపోయినా మెడ తుడుచుకున్నాడు.

నిదానం తన ముందున్న కాగితాన్ని అప్పుడు చూశాడు, మొదటిసారి. ఏడు వరుసలూ ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు వేలుపెట్టి చదువుకున్నాడు. ఆ పైనా కిందా ఉన్న లెక్కల్ని కూడా చూశాడు.

“ఆ రోజు సమానం గుర్తులు సర్దలేదు,” అన్నాడు. “చూడండి, అన్నీ వంకరగానే ఉన్నాయి. ఈ ఏడు వరుసలు రాసేసరికే ఒంటిగంటయింది.”

వకీలమ్మ తన కాగితాల్లో ఏదో వెతుకుతున్నట్టు నటించింది. ఆమెకి కూడా ఎక్కడో ఒక కథ ఉండే ఉంటుంది, అది మనకి చెప్పదు. చివరికి ఒక ఫారం తీసి బల్ల మధ్యలో పెట్టింది.

“తప్పు ఎలా జరిగిందో రాసుకున్నాను. దానికి మా వైపు నుంచి గొడవేమీ లేదు,” అంది. “ఇక రెండు దార్లున్నాయి. ఈ పదకొండు వరుసలూ తిరిగి పెట్టి, పాత డిస్కులో ఉన్నట్టే అమ్మడం. లేదా తీసేసిన కాపీయే అసలు కాపీ అని ఒప్పుకోవడం. పెద్దాయన దేనికైనా సంతకం పెడతానన్నారు. రాసినవాళ్ళిద్దరూ ఒకే గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. చెరొక గడిలో పెడితే చెల్లదు. అయిదు గంటలకి మావాళ్ళకి చెప్పాలి, వానలకి ముందు ఇరవై ఆనకట్టల మీద ఈ పెట్టెలు బిగించాలి. ఇప్పుడు నాలుగుంపావు.”

లైసెన్సమ్మ పెన్ను తీసింది. తిరిగి పెట్టాలి అన్న గడిలో టిక్కు పెట్టింది, కింద సంతకం చేసింది.

“అమ్మే ప్రతి పెట్టెలోనూ ఇది వెళ్తుంది మేడం,” అంది వకీలమ్మ. “వరుస వరుసా చదివేవాళ్ళుంటారు.”

“చదవనివ్వండి. గేట్లెత్తేవాళ్ళు మాత్రం మనుషులు కారా?”

ఫారాన్ని నిదానం వైపు తిప్పింది. అతను పెన్ను అందుకున్నాడు. మూత తీశాడు. ఆమె పెట్టిన టిక్కు పక్కన పెన్ను ఆనించి, అలాగే ఉండిపోయాడు. పెద్దాయన దగ్గాడు.

“పది నిమిషాలు ఇస్తారా?” అన్నాడు వకీలమ్మతో. మూత మళ్ళీ పెట్టి, లేచి, బయటికి వెళ్ళాడు.

లైసెన్సమ్మ ఎవరికీ చెప్పకుండా వెనకాలే వెళ్ళింది. వరండాలో జిరాక్సు మిషను, నీళ్ళ కూలరు, నాలుగు ప్లాస్టిక్కు కుర్చీలు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. కింద కార్లు పెట్టే చోట ఎవరో గొట్టంతో మొక్కలకి నీళ్ళు పడుతున్నారు.

“ఆ సోమవారం,” అంది, “బస్సెక్కావా?”

నువ్వు అనేసింది. అతను కూడా గమనించాడు.

“ఎక్కాను. రెండు టికెట్లూ జేబులోనే ఉన్నాయి.”

“మరి రానని తెలిసి...”

“తెలిసిందనుకున్నాను. అయినా పక్క సీట్లో నా సంచి పెట్టాను. ఒకాయన కూర్చోవచ్చా అని అడిగాడు. మనిషి వస్తుందన్నాను. సగం దారిలో ఇంకొకావిడ అడిగింది. ఆవిడకీ అదే చెప్పాను. చివరికి కండక్టరు, ఎక్కడెక్కుతారయ్యా మీ మనిషి, ఇక ఒక్క స్టాపే ఉంది అన్నాడు.”

ఆమెకి ఏడుపూ వచ్చింది, ఆ కండక్టరు మీద నవ్వూ వచ్చింది. చేత్తో నోరు మూసుకుంది.

“జలాశయం కనిపించిందా? కిటికీలోంచి?”

“లేదు. గోడ కనిపించింది. ఆఫీసువాళ్ళు అబద్ధం చెప్పారు.”

“ఒక్క ఉత్తరం ముక్క రాయకపోయావా? ఒక్క ఫోను?”

“తీసేయమన్నాను, తీసేశావు. ఇంకేం రాయను? నువ్వు రాయొచ్చుగా?”

“అడిగాను, జవాబివ్వలేదు. ఇంకేం రాయను?”

ఏడేళ్ళూ ఇద్దరూ మర్యాదగా, ఒకరినొకరు ఇబ్బంది పెట్టకుండా కాలం గడిపారు. ఆ మర్యాదని ఇప్పుడేం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. అతని చేతికి వేలాడుతున్న దారాన్ని ఆమె చటుక్కున పట్టుకుని తెంపింది. అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“నిన్ను నేను రోజూ తలుచుకున్నాను,” అంది. “కోపంతో తలుచుకుంటున్నానని అనుకునేదాన్ని. కోపం కాదది. రోజూ ఒంటిగంటయ్యేసరికి కుర్చీలోంచి లేస్తాను, ఇప్పటికీ. మా ఆఫీసులో భోజనానికి లేస్తున్నాననుకుంటారు.”

అతను ఆమె ముఖంలోకి చూశాడు. చెప్పడానికి ఏదో ఉంది, అది బయటికి రావడానికి అతనికి ఎప్పుడూ పట్టేంత సమయమే పడుతోంది. పూర్వం ఆమెకి ఆ ఆలస్యం భరించడం చేతనయ్యేది కాదు. ఇప్పుడు ఎంతసేపైనా నిలబడగలననిపించింది.

లోపల గోడ గడియారం నాలుగున్నర కొట్టింది. పెద్దాయన గొంతు వినిపిస్తోంది, ఒకటే కాపీ సిద్ధాంతాన్ని వకీలమ్మకి మొదటినుంచీ వివరిస్తున్నాడు.

“ఆ గడిలో నువ్వూ టిక్కు పెట్టు,” అంది. “పెట్టాక ఒకటి అడుగుతాను. కాదులే, ఇప్పుడే అడుగుతాను. అప్పుడు రాసి అడిగాను, ఇప్పుడు నోటితో అడుగుతున్నాను. నన్ను రమ్మంటావా?”

నిదానం కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఆ ఏడు వరుసల్లో ఒక్క ముక్క కూడా మారలేదు,” అన్నాడు. “ఏడేళ్ళ తర్వాత కూడా అదే రాస్తాను. కానీ ఆ జవాబు ఇప్పుడు నా ఒక్కడిదే కాదు. ఇంట్లో ఇంకొకళ్ళు ఒప్పుకోవాలి. వాళ్ళని అడక్కుండా నేను ఆ టిక్కు పెట్టలేను.”

ఎవర్నని ఆమె అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయపడింది.